మరుగుజ్జుతనం ఉన్న కుర్రవాడు నటననే వృత్తిగా చేసుకోగలడా? పీటర్ డింక్లేజ్ నడిచిన దారి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీ తమ్ముడికి 19 ఏళ్లు. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. పుట్టుకతోనే అకాండ్రోప్లేసియా, అంటే చేతులు, కాళ్లు పొట్టిగా ఉండిపోయే ఎముకల ఎదుగుదల లోపం. ఎత్తు నాలుగడుగుల మీద ఒక అంగుళం. నటుడినవుతానని పట్టుబట్టి కూర్చున్నాడు. ఇంట్లో ఎవరు ఏమన్నా ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ అనే టీవీ ధారావాహికలో టిరియన్ వేషం వేసిన, తనలాగే పొట్టివాడైన అమెరికా నటుడు పీటర్ డింక్లేజ్‌ను చూపిస్తున్నాడు. మీ నాన్నగారేమో "నిన్ను చూసి నవ్వడానికి పిలుస్తారు, నీ నటన చూడటానికి ఎవరూ పిలవరు" అంటున్నారు. ఇద్దరిలో ఎవరి మాట నిజం, ఆ డింక్లేజ్ అసలు ఎలా పైకి వచ్చారు అని అడిగారు.

నేను 26 ఏళ్లుగా నటన నేర్పుతున్నాను. అంతకు ముందు పరిషత్తు నాటకాలు ఆడాను, తర్వాత ఆడించాను. నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో ముగ్గురు మీ తమ్ముడి లాంటివాళ్లు. అందుకే మీ ప్రశ్న చూశాక ఊరుకోలేకపోయాను.

సూటిగా చెబుతున్నాను: మీ తమ్ముడు నటుడు కాగలడు. అయితే డింక్లేజ్‌ను చూసి నేర్చుకోవలసింది టిరియన్ వేషం నుంచి కాదు, దానికి ముందు గడిచిన ఇరవై ఏళ్ల నుంచి. ఆ ఇరవై ఏళ్లలో ఆయన చాలా వేషాలు వద్దన్నారు. అలా వద్దనడానికి ధైర్యం ఒక్కటే చాలదు, ఇంటి అద్దె కట్టడానికి వేరే దారి ఉండాలి. ఆయనకు ఆ దారి ఉంది. మీ తమ్ముడికి కూడా ముందు అది ఏర్పడాలి. మీ నాన్నగారి భయంలో ఉన్న నిజం అంతవరకే.

ఇక ఆయన కథలోకి వస్తాను. 1969 జూన్ 11న అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం మోరిస్‌టౌన్‌లో పుట్టారు. తండ్రి బీమా ఏజెంటు, తల్లి చిన్న పిల్లల బడిలో సంగీతం టీచరు. తల్లిదండ్రులూ అన్నయ్యా అందరూ మామూలు ఎత్తువాళ్లే. ఈ సంగతి మీకు ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. మీ అమ్మగారు గర్భంతో ఉన్నప్పుడు గ్రహణం పట్టు సరిగా పాటించలేదని ఇప్పటికీ బంధువులు దెప్పుతున్నారని రాశారు. అకాండ్రోప్లేసియా ఉన్న పిల్లల్లో దాదాపు 80 శాతం మంది మామూలు ఎత్తున్న తల్లిదండ్రులకే పుడతారు. ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 అనే ఒక జన్యువులో కొత్తగా వచ్చే చిన్న మార్పు దానికి కారణం. ఆ సంగతి 1994లోనే తేలింది. ఎముక పొడవు పెరగడాన్ని ఆ జన్యువు అదుపు చేస్తుంది. మార్పు వచ్చాక ఆ అదుపు అవసరానికి మించి బిగుసుకుంటుంది. గ్రహణానికీ, అమ్మ తిన్న తిండికీ, చేసిన పనికీ దీనితో ఏ సంబంధమూ లేదు. ఆ బంధువులకు ఈ మాట ధైర్యంగా చెప్పండి.

డింక్లేజ్ చిన్నతనంలో అన్నయ్య జొనాథన్‌తో కలిసి ఇంటి నేలమాళిగలో బొమ్మలాటలు కట్టి ఇరుగుపొరుగు వాళ్లకు చూపించేవారట. అన్నయ్య తర్వాత వయొలిన్ కళాకారుడయ్యారు. ఐదో తరగతిలో బడి నాటకంలో డింక్లేజ్‌కు ప్రధాన వేషం దొరికింది. 1984లో శామ్ షెపర్డ్ నాటకం ‘ట్రూ వెస్ట్’ చూశాక నటుడిని కావాలన్న కోరిక గట్టిపడింది. వెర్మాంట్ రాష్ట్రంలోని బెన్నింగ్టన్ కళాశాలలో నాటకం చదివి 1991లో పట్టా పుచ్చుకున్నారు.

ఆ తర్వాతి భాగం మీ తమ్ముడికీ మీ నాన్నగారికీ ఇద్దరినీ కూర్చోబెట్టి చదివి వినిపించండి. 2012లో అదే కళాశాల స్నాతకోత్సవంలో డింక్లేజ్ మాట్లాడుతూ తన కథ దాపరికం లేకుండా చెప్పుకున్నారు. పట్టా చేత పట్టుకుని న్యూయార్క్ వెళ్లారు. చేతిలో డబ్బు లేదు. కొన్ని నెలలు పియానోలు అమ్మే దుకాణంలో పియానోల మీద దుమ్ము తుడిచారు. ఒక షేక్‌స్పియర్ పండితుడి తోటలో కలుపు తీశారు. కొంత కాలం ఏ పనీ లేదు. ఆ తర్వాత పరీక్షలు నిర్వహించే ఒక సంస్థలో కంప్యూటర్‌లో వివరాలు ఎక్కించే ఉద్యోగం దొరికింది. దాన్ని ఆరేళ్లు చేశారు. బ్రూక్లిన్‌లో ఉన్న గదిలో చలికాలం వెచ్చదనం లేదు, ఎలుకలు మాత్రం ఉన్నాయి. ఆ ఉద్యోగమంటే ఆయనకు అసహ్యం, అయినా దాన్నే పట్టుకుని వేలాడారు. 29వ ఏట "ఇక మీద వచ్చే నటన పని ఏదైనా సరే, ఎంత ఇచ్చినా సరే, దానితోనే బతుకుతాను" అని నిశ్చయించుకుని ఉద్యోగం మానేశారు. ఆ తర్వాత వచ్చింది చాలా తక్కువ డబ్బు ఇచ్చే ఒక నాటకం.

ఈ ఆరేళ్ల ఉద్యోగాన్ని ఆయన విజయగాథల్లో ఒక్క వాక్యంతో దాటేస్తుంటారు. నా దృష్టిలో కథకు ఇరుసు అదే. అమెరికాలో క్రిస్మస్ వచ్చిందంటే పొట్టి నటులకు చేతి నిండా పని. శాంటాక్లాజ్ దగ్గర పనిచేసే ‘ఎల్ఫ్’ అనే మరుగుజ్జు దేవత వేషమని, ఆకుపచ్చ దుస్తులు, మొన తేలిన బూట్లు, గంటల టోపీ పెట్టి నిలబెడతారు. నెల రోజుల్లో మంచి డబ్బు వస్తుంది. డింక్లేజ్ ఆ పని ఒప్పుకోలేదు. ఆఫీసులో కూర్చుని అంకెలు ఎక్కించడానికి ఒప్పుకున్నారు కానీ ఆ టోపీ పెట్టుకోలేదు. ఆ అంకెల పని వల్లే టోపీ వద్దనగలిగారు.

సినిమాలో తొలి వేషం 1995లో టామ్ డిచిల్లో తీసిన ‘లివింగ్ ఇన్ ఒబ్లివియన్’లో. సినిమా తీయడం గురించి తీసిన సినిమా అది. ఒక కల దృశ్యానికి వింతగా ఉంటుందని పొట్టి నటుడిని పిలిపిస్తారు. ఆ నటుడు కాసేపు ఓర్చుకుని, చివరికి దర్శకుడి మీద విరుచుకుపడతాడు: కలల్లో మరుగుజ్జులు ఎవరికి వస్తారయ్యా, నాకే రారు, ఇలాంటి సినిమాల్లో తప్ప ఎక్కడా చూడలేదు అని దులిపేసి వెళ్లిపోతాడు. తొలి వేషమే అది కావడం ఆయన అదృష్టమని నేను అనుకుంటాను. ఆయన తర్వాత పాతికేళ్లు చెప్పబోయే మాటంతా అక్కడే ఉంది.

ఆ సినిమాతో తలుపులేమీ తెరుచుకోలేదు. తెరిపించింది రంగస్థలం. టామ్ మెకార్తీ అనే నటుడు, రచయిత తన నాటకంలో డింక్లేజ్‌తో పనిచేశారు. తర్వాత ఆయన ఒక చిత్రకథ రాసుకుంటున్నారు. మనుషులకు దూరంగా ఉండిపోవాలనుకునే ఒక ఒంటరి మనిషి కథ. మొదట ఆ పాత్ర పొట్టి మనిషి కాదు. డింక్లేజ్ మనసులో మెదిలాక ఆ ఒంటరితనానికి ఒక శరీరం వచ్చింది. 2003లో వచ్చిన ‘ది స్టేషన్ ఏజెంట్’ అదే. స్నేహితుడు చనిపోతూ రాసిచ్చిన పాడుబడ్డ రైల్వే స్టేషన్లో ఫిన్ అనే మనిషి ఒక్కడే బతకడానికి వెళతాడు. సన్‌డాన్స్ చిత్రోత్సవంలో ప్రేక్షకుల బహుమతీ, చిత్రానువాద బహుమతీ ఆ చిత్రానికే వచ్చాయి.

అందులో ఒక దృశ్యాన్ని నేను ప్రతి కొత్త బృందానికీ చూపిస్తాను. ఫిన్ ఊళ్లోకి వచ్చిన మొదటి రోజు నుంచి అందరూ అతన్ని చూస్తూనే ఉంటారు. కొట్లో ఒకామె అడగకుండా ఫొటో కూడా తీస్తుంది. అతను ఏమీ అనడు, సంచీ పట్టుకుని రైలు పట్టాల వెంట నడుచుకుంటూ వెళ్లిపోతాడు. అలా సినిమా చాలా దూరం నడుస్తుంది. ఒక రాత్రి బాగా తాగి, బార్లో బల్ల ఎక్కి, చేతులు చాచి, రండి, చూడండి, తనివి తీరా చూడండి అన్నట్టు నిలబడతాడు. అంతసేపూ గొంతు తగ్గించి, చూపు దించి నటించినందువల్ల ఆ ఒక్క క్షణం గుండెకు తగులుతుంది. తక్కువ చేయడం ఎలాగో తెలిసిన నటుడు మాత్రమే ఆ దృశ్యం చేయగలడు. అది శిక్షణ వల్ల వస్తుంది, ఎత్తు వల్ల రాదు.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి.

దాదాపు పదిహేనేళ్ల కిందట మీ తమ్ముడి లాంటి కుర్రవాడు ఒకడు నా దగ్గరికి వచ్చాడు. మంచి గొంతు, స్పష్టమైన ఉచ్చారణ. పరిషత్తు నాటకంలో అతనికి రిజిస్ట్రేషన్ ఆఫీసు గుమాస్తా వేషం ఇచ్చాను. ప్రధాన పాత్ర. అతను వేదిక మీదికి నడిచి రాగానే జనం నవ్వుతారని నాకు భయం. అందుకని ఒక ఉపాయం చేశాను. తెర లేచేసరికి అతను పెద్ద బల్ల వెనుక కుర్చీలో కూర్చుని రాసుకుంటూ ఉంటాడు. అకాండ్రోప్లేసియాలో చేతులు, కాళ్లు పొట్టిగా ఉంటాయి కానీ నడుము నుంచి మెడ దాకా ఉండే కొలత మామూలు మనుషులకు దగ్గరగానే ఉంటుంది. కూర్చుంటే తేడా అంతగా తెలియదు. ఇరవై నిమిషాలు జనం అతని గొంతు విన్నారు, అతని పాత్రను నమ్మారు. అప్పుడు కుర్చీ దిగాడు. హాలంతా నిశ్శబ్దం. నాకు పట్టరాని సంతోషం.

ఆ రాత్రి మేకప్ తుడుచుకుంటూ అతను నాతో ఒక మాటన్నాడు. "మాస్టారూ, నన్ను దాచిపెట్టి చూపించారు. వచ్చేసారి మొదటే నడిచి వస్తాను. నవ్వనివ్వండి. ఆ నవ్వు సంగతి నేను చూసుకుంటాను."

తర్వాతి పరిషత్తులో తెర లేచేసరికి బల్ల ఖాళీ. కుడి వైపు నుంచి ఫైళ్లు గుండెకు హత్తుకుని అతను నడిచి వచ్చాడు. వెనుక వరసల్లో నవ్వులు, ఒక ఈల. అతను మధ్యలో ఆగాడు. ఫైళ్లు బల్ల మీద పెట్టాడు. జేబులోంచి కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో ఒక అద్దం తుడిచాడు, దీపం వైపు పట్టి చూశాడు, రెండో అద్దం తుడిచాడు. అతనికి తొందరేమీ లేదు. నవ్వు దానంతట అదే చల్లారింది. కళ్లజోడు పెట్టుకుని హాలంతా ఒకసారి కలయజూసి, "దస్తావేజు ఎవరిది?" అన్నాడు. ఆ ప్రదర్శన తర్వాత నేను ఏ నటుడినీ బల్ల వెనుక దాచలేదు. డింక్లేజ్ 2004లో న్యూయార్క్ పబ్లిక్ థియేటర్‌లో షేక్‌స్పియర్ నాటకం ‘మూడవ రిచర్డ్’ వేశారని చదివినప్పుడు నాకు ఆ కళ్లజోడే గుర్తొచ్చింది. దేహాన్ని చూసి లోకం ఎగతాళి చేసిన రాజు వేషం అది. దాన్ని ఒప్పుకోవడమంటే ఆ నవ్వుకు ఎదురు నడవడమే.

టిరియన్ సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి తొందరగా ముగిస్తాను. ఆ వేషం గురించి మాట్లాడటానికి వచ్చినప్పుడు ఆయన మొదట అడిగింది గడ్డం, మొన తేలిన బూట్లు ఉంటాయా అని. లేవని తెలిశాకే ఒప్పుకున్నారు. 2011 నుంచి 2019 దాకా ఎనిమిది భాగాలు (సీజన్లు). ప్రతి భాగానికీ అమెరికా టీవీ పురస్కారమైన ఎమ్మీ పోటీలో నిలిచారు. 2011, 2015, 2018, 2019లో నాలుగు సార్లు గెలిచారు. నాటకీయ ధారావాహికల సహాయ నటుడి విభాగంలో అది రికార్డు. రెండో భాగం నుంచి నటుల పేర్లలో మొదటి పేరు ఆయనదే. నాలుగో భాగంలో న్యాయస్థానంలో టిరియన్ నిలబడి, మరుగుజ్జుగా పుట్టినందుకే నా జీవితమంతా నా మీద విచారణ జరుగుతోంది అనే అర్థంలో మాట్లాడే దృశ్యం ఉంది కదా, ఆ సంవత్సరం ఎమ్మీ ఆయనకు రాలేదు. బహుమతుల లెక్కతో నటనను తూచవద్దని నా విద్యార్థులకు చెప్పడానికి నేను వాడే ఉదాహరణ అది.

నాకు మరీ నచ్చేవి తర్వాతి వేషాలు. 2014 నాటి ఎక్స్‌మెన్ చిత్రంలో ఆయుధాలు తయారుచేసే శాస్త్రవేత్త. ఆ పాత్రకూ పొట్టితనానికీ ఏ సంబంధమూ లేదు. 2021లో ‘సిరానో’. పెద్ద ముక్కు వల్ల ప్రేమను బయటపెట్టలేని కవి కథ అది, వందేళ్లకు పైగా దాదాపు ప్రతి నటుడూ పెట్టుడు ముక్కుతోనే వేశాడు. డింక్లేజ్ భార్య, నాటక దర్శకురాలు ఎరికా ష్మిట్ దాన్ని తిరగరాసి ముక్కును తీసేశారు. ప్రేమకు అడ్డు నిలిచేది ఏమిటో ఒక్క మాటా చెప్పకుండానే ప్రేక్షకుడికి అర్థమవుతుంది.

ఇప్పుడు అందరి దారీ ఇలా లేదని కూడా చెప్పాలి. మీ తమ్ముడు ఒక్క డింక్లేజ్‌నే చూస్తే మోసపోతాడు. మైకేల్ డన్ అనే అమెరికా నటుడు 1965 చిత్రం ‘షిప్ ఆఫ్ ఫూల్స్’కు ఆస్కార్ పోటీలో నిలిచారు. ఆ స్థాయి నటుడికి కూడా తర్వాత ఎక్కువగా దొరికింది వింత శాస్త్రవేత్తలు, దుర్మార్గుల వేషాలే. 1973లో 38 ఏళ్లకే చనిపోయారు. ఫ్రాన్సులో పుట్టిన హెర్వే విల్‌షేజ్ చిత్రలేఖనం చదువుకున్న మనిషి. 1974 నాటి జేమ్స్ బాండ్ చిత్రంలో విలన్ అనుచరుడిగా, తర్వాత టీవీలో ‘ఫాంటసీ ఐలాండ్’తో ప్రపంచమంతా తెలిశారు. తోటి నటుడితో సమానంగా పారితోషికం అడిగారు. ఒప్పందం కుదరలేదు, 1983లో ఆ ధారావాహిక నుంచి బయటికి వచ్చారు. ఆ తర్వాత అలాంటి పని దొరకలేదు. 1993లో ప్రాణం తీసుకున్నారు. 2018లో ఆయన జీవితం మీద వచ్చిన చిత్రంలో ఆయన వేషం వేసింది డింక్లేజే. ముందు నడిచినవాళ్లు పడిన బాధ తెలిసిన మనిషి ఆయన.

మన దక్షిణాదిలోనే గిన్నిస్ పక్రు ఉన్నారు. అసలు పేరు అజయ్ కుమార్, ఎత్తు 76 సెంటీమీటర్లు. మలయాళంలో మిమిక్రీ వేదికల మీద పేరు తెచ్చుకుని, 2005లో వినయన్ తీసిన ‘అద్భుత ద్వీప్’లో నాయకుడిగా వేసి, పూర్తి నిడివి చిత్రంలో నాయకుడైన అతి పొట్టి నటుడిగా గిన్నిస్ రికార్డులకెక్కారు. 2013లో సొంతంగా ఒక చిత్రానికి దర్శకత్వం వహించారు. మీ తమ్ముడు భాష రాకపోయినా సరే ఆయన్ను చూడాలి. అమెరికా కంటే కేరళ మనకు దగ్గర, పరిశ్రమ పద్ధతులు కూడా దగ్గరే.

మన దగ్గర పరిస్థితి దాచిపెట్టను. 1989లో ‘విచిత్ర సోదరులు’ చూసి మేమంతా కమల్ హాసన్ గారికి చేతులెత్తి మొక్కాం. కాళ్లు మడిచి మరుగుజ్జుగా ఆయన చేసిన నటన గొప్పదే, ఇప్పటికీ ఆ మాటే అంటాను. కానీ అంత బరువైన కథానాయకుడి పాత్ర నిజంగా పొట్టిగా ఉన్న నటుడికి రాసిన తెలుగు రచయితలు ఎందరు? వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ పాత్రలు రాయించుకోవాలి, లేదా తనే రాసుకోవాలి. డింక్లేజ్‌కు మెకార్తీ దొరికింది కలిసి నాటకం వేసినందువల్లే. సినిమా ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగే కుర్రవాడికి రచయిత దొరకడు. నాటక బృందంలో ఏడాది పాటు కలిసి టీ తాగిన కుర్రవాడికి దొరుకుతాడు.

వేషాలు వద్దనడం గురించి మీ తమ్ముడు మిమ్మల్ని అడిగాడని రాశారు, "డింక్లేజ్ లాగా నేనూ హాస్య వేషాలు వేయను" అంటున్నాడని. ఈ విషయంలో నా అభిప్రాయం తేలిగ్గా ఏర్పడలేదు. 2022 జనవరిలో డిస్నీ సంస్థ స్నోవైట్ కథను మళ్లీ తీస్తుంటే, గుహలో కలిసి బతికే ఏడుగురు మరుగుజ్జుల ఆ పాత కథ ఇంకా ఎందుకని డింక్లేజ్ గట్టిగా విమర్శించారు. సంస్థ తన ఆలోచన మార్చుకుంటామంది. 2025లో చిత్రం వచ్చేసరికి ఆ ఏడుగురినీ కంప్యూటర్ బొమ్మలుగా చేసేశారు. అప్పుడు ఇతర పొట్టి నటులు కొందరు బాధపడ్డారు: ఆయనకు అన్ని తలుపులూ తెరుచుకున్నాయి, మాకున్న ఒక్క తలుపూ ఆయన మూయించాడు అన్నారు. ఏడు మంచి వేషాలు ఏడుగురు నటులకు దక్కకుండా పోయిన మాట నిజం. డింక్లేజ్ చెప్పిందీ నిజమే. నేను ఇద్దరి పక్షానా నిలబడతాను. ఎందుకంటే తప్పు ఆ నటులది కాదు, వేరే వేషాలు రాయనివాళ్లది.

అందుకని మీ తమ్ముడికి నేను చెప్పేది ఇది: హాస్య వేషాన్ని కాదనవద్దు. ఆ హాస్యం ఎవరి చేతిలో ఉందో చూడాలి. డింక్లేజే 2003లో ‘ఎల్ఫ్’ అనే క్రిస్మస్ హాస్య చిత్రంలో చేశారు. అందులో ఆయనది పేరున్న పిల్లల రచయిత పాత్ర. తనను మరుగుజ్జు దేవత అన్న నాయకుడిని బల్ల మీదికి ఎక్కి మరీ చితక్కొడతాడు. జనం నవ్వేది ఆయన ఎత్తును చూసి కాదు, నాయకుడి అజ్ఞానాన్ని చూసి. మీ తమ్ముడు కథ విన్నప్పుడు ఒకటే పరీక్ష పెట్టుకోవాలి: ఈ పాత్రను ఆరడుగుల మనిషి వేస్తే ఇంకా ఏమైనా మిగులుతుందా? మాటలు, కోరిక, కోపం, ఏదో ఒకటి మిగిలితే వేయవచ్చు. ఏమీ మిగలకపోతే అక్కడ పాత్ర లేదు.

ఎత్తి విసిరే దృశ్యాలకు మాత్రం ఎంత డబ్బిచ్చినా ఒప్పుకోవద్దు. ఇది మర్యాద ప్రశ్న మాత్రమే కాదు. నా ముగ్గురు శిష్యుల్లో రెండో కుర్రవాణ్ణి నాయకుడి స్నేహితుడి వేషమని చెప్పి ఒక షూటింగ్‌కు పిలిచారు. తీరా వెళితే నలుగురు అతన్ని చేతులు మార్చుకుంటూ విసిరే దృశ్యం. కింద పరుపు కూడా లేదు. అతను మేకప్ తీసేసి, ఆ రోజు బ్యాటా కూడా అడగకుండా బస్సెక్కి వచ్చేశాడు. అకాండ్రోప్లేసియాలో వెన్నుపాము వెళ్లే దారి పుట్టుకతోనే ఇరుకుగా ఉంటుంది. మామూలు మనిషికి నొప్పితో పోయే దెబ్బ వీళ్లకు కాళ్లు పడిపోయేంత ప్రమాదం కావచ్చు. 2012లో గోల్డెన్ గ్లోబ్ బహుమతి అందుకుంటూ డింక్లేజ్ ఇంగ్లండులోని ఒక పొట్టి మనిషి పేరు చెప్పి, అతని గురించి తెలుసుకోమని అందరినీ కోరారు. పబ్ బయట నిలబడి ఉంటే ఒక అపరిచితుడు ఆ మనిషిని ఎత్తి నేలకేసి పడేశాడు. తన జీవితంలోకెల్లా పెద్ద వేదిక మీద ఆయన ఆ మాట చెప్పారు. తెర మీద విసరడం చూసి నవ్వినవాడు వీధిలోనూ విసరవచ్చని అనుకుంటాడు.

శరీరం గురించి మరికొన్ని సంగతులు. ఇవి నా విద్యార్థులతో పని చేస్తూ, వాళ్ల వైద్యులతో మాట్లాడుతూ తెలుసుకున్నవి. ఎక్కువసేపు నిలబడితే కాళ్లు తిమ్మిరెక్కడం, ముందుకు వంగినా గొంతుక్కూర్చున్నా తగ్గడం ఉంటే వెన్ను వైద్యుడికి వెంటనే చూపించాలి, ఓర్చుకోవద్దు. షూటింగ్ రోజుల్లో తన ఎత్తుకు సరిపోయే చిన్న పీట ఒకటి సొంతంగా వెంట ఉంచుకోవాలి. మోచేతులు పూర్తిగా చాపడం చాలామందికి వీలు కాదు, కాబట్టి చేతులు బార్లా చాపే అభినయం బదులు మణికట్టుతో, మెడతో, చూపుతో పని చేయడం నేర్చుకోవాలి. చిన్నప్పుడు చెవి ఇన్ఫెక్షన్లు ఎక్కువగా వస్తాయి గనక వినికిడి ఒకసారి పరీక్ష చేయించండి. ఎదుటివాడి మాట చివర వినబడని నటుడు తన మాట ఆలస్యంగా అందుకుంటాడు. కెమెరా ముందు ఇంకో ఇబ్బంది ఉంది. ఎదుటి నటుడి కంటి ఎత్తున కెమెరా పెడితే మీ తమ్ముడి నడినెత్తి కనబడుతుంది, కళ్లు కనబడవు. కెమెరాను తన కంటి ఎత్తుకు దించమని మర్యాదగా అడగడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోవాలి. అది గొంతెమ్మ కోరిక కాదు, ప్రతి నటుడికీ ఇచ్చే కొలతే.

ఇక ఇంటి అద్దె సంగతి. డింక్లేజ్‌కు లేని వెసులుబాటు ఒకటి మీ తమ్ముడికి ఉంది. వికలాంగుల హక్కుల చట్టం 2016 మరుగుజ్జుతనాన్ని గుర్తించింది. పెద్దయ్యాక ఎత్తు 147 సెంటీమీటర్లు, అంటే 4 అడుగుల 10 అంగుళాలు, అంతకు లోపు ఉంటే ఆ నిర్వచనంలోకి వస్తారు. ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రంలో 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం నమోదైతే ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్‌కూ, ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్లకూ అర్హత ఉంటుంది. డిగ్రీ మానేసి హైదరాబాద్ వెళతానంటే ఒప్పుకోవద్దు. డిగ్రీ పూర్తి చేయనివ్వండి. ఆ తర్వాత హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో, విశాఖలో ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో రంగస్థల కళల శాఖలున్నాయి. ఢిల్లీలో జాతీయ నాటక పాఠశాల ఉంది. వాటికి ప్రయత్నించనివ్వండి, ఒక పక్క ఉద్యోగ పరీక్షలకూ చదవనివ్వండి. కళ్లజోడు తుడిచిన నా శిష్యుడు ఇప్పుడు ప్రభుత్వ కార్యాలయంలో నిజంగానే గుమాస్తా. శని, ఆదివారాల్లో డబ్బింగ్ చెబుతాడు, ఏడాదికి రెండు నాటకాలు వేస్తాడు. నచ్చని వేషం వస్తే రెండో ఆలోచన లేకుండా వద్దంటాడు.

డబ్బింగ్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, గొంతును నిర్లక్ష్యం చేయనివ్వకండి. డింక్లేజ్‌కు ఉన్న ఆస్తుల్లో ఆ బరువైన మంద్రస్వరం ఒకటి. తెలుగులో డబ్బింగ్ పని ఎప్పుడూ ఉంటుంది, అక్కడ మైకు ఎత్తు తగ్గిస్తే సరిపోతుంది. రోజూ ఉదయం అరగంట పద్యం చదవమనండి. తిక్కన పద్యమైనా, చిలకమర్తి పద్యమైనా ఊపిరి ఎక్కడ తీసుకోవాలో పద్యం నేర్పినట్టు ఇంకేదీ నేర్పదు.

మీ నాన్నగారికి ఒక విషయం చెప్పండి. 2024 జులైలో సుప్రీంకోర్టు వికలాంగులను సినిమాల్లో ఎలా చూపాలన్న దాని మీద తీర్పు ఇచ్చింది. వైకల్యాన్ని అర్థం చేసుకునేలా చేసే హాస్యం వేరు, వికలాంగులను కించపరిచే హాస్యం వేరు అని తేడా చూపింది. తీర్పుతో రాత్రికి రాత్రే కథలు మారవు. అయినా మీ తమ్ముడు ఏదైనా షూటింగ్‌లో "ఇది నేను చేయను" అన్నప్పుడు అతని వెనుక ఇప్పుడు ఆ మాటలున్నాయి.

ముందుగా చేయవలసిన పని ఒకటి ఉంది, దానికి డబ్బు అక్కర్లేదు. ఎత్తు ప్రస్తావన ఒక్కటి కూడా లేని రెండు పేజీల సంభాషణ ఏదైనా నాటకం నుంచి ఎంచుకోమనండి. కంఠతా వచ్చాక, ఫోను తన కంటి ఎత్తున పెట్టి, తల నుంచి కాలి వరకు పడేలా, తలుపు తీసుకుని లోపలికి నడిచి వచ్చే చోటు నుంచి రికార్డు చేయమనండి. కుర్చీలో కూర్చుని మొదలుపెట్టవద్దనండి. మీ నాన్నగారికి అది చూపించండి. చూసి ఆయన ఏమన్నారో ఇక్కడే రాయండి, తర్వాత ఏం చేయాలో అప్పుడు మాట్లాడుకుందాం.